కోయి చేపల పిన్నిగారు

మొన్న మంగళవారం మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో మా స్టూడియోలో కూర్చుని ఒక పెళ్ళి ఆల్బమ్ సరిచేస్తున్నాను. ఫోన్ మోగింది. చూస్తే బాబాయిగారు. ఆయన తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు.

"అబ్బాయ్, మీ పిన్ని వెళ్ళిపోయింది," అన్నారు.

"ఎక్కడికండీ?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. చెన్నైలో చేపల షో ఏదైనా ఉందేమో, చెప్పకుండా వెళ్ళారేమో అనుకున్నాను. తర్వాత ఆయనే మెల్లగా చెప్పారు. పొద్దున షాపులో ఎవరికో జాకెట్టు ముక్క కొలుస్తూ కొలుస్తూ పక్కకి ఒరిగిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

"ఫ్లెక్సీకి ఫోటో కావాలంటున్నారు. నీ దగ్గర మంచిది ఉంటుందిగా, పంపు," అని పెట్టేశారు.

ఆదివారమే నాతో మాట్లాడారు ఆవిడ. కొత్త లెన్సు కొన్నానంటే, "దానికి ఎరుపు సరిగ్గా కనపడుతుందా?" అని అడిగారు. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది. కంప్యూటర్లో ఫోల్డర్లు తెరిచాను. ఆవిడ ఉన్న ఫోటోలు వందల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. అన్నింటిలోనూ నీలం తొట్టి మీద వంగిన నడినెత్తి, వెనక్కి కట్టుకున్న చేతులు, నడుముకి దోపిన కొంగు. ఎదురుగా మెరిసిపోతున్న చేప. ఇన్నేళ్ళలో ఆ మనిషి ముఖం నేను ఫోటో తీయలేదని అప్పుడే తెలిసింది. చివరికి ఒక షోలో ఎవరో పిలిస్తే తలెత్తినప్పుడు పొరపాటున పడిన ఫోటో దొరికింది. అదే పంపించాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఏలూరులో ఆవిడకి మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకి సరిపడే జాకెట్టు ముక్కలు, ఫాల్సు, లైనింగు అమ్మే షాపు. ఆ షాపుకి వచ్చే ఆడవాళ్ళు పిన్నిగారూ అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. అలా ఆవిడ భర్త నాకు బాబాయిగారయ్యారు. ఆవిడ నన్ను 'బాబూ' అనేవారు.

ఆ షాపులో ఆవిడని చూస్తే చేపల సంగతి సగం అర్థమైపోతుంది. ఎవరైనా చీర తీసుకొచ్చి ముక్క అడిగితే ఆవిడ కౌంటర్ దగ్గర చూసేవారు కాదు. చీర చేతుల మీద వేసుకుని, కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, మెట్లు దిగి రోడ్డు మీదకి వెళ్ళేవారు. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసేవారు. ఆటోలు హారన్ కొడుతున్నా పట్టించుకునేవారు కాదు. "ట్యూబులైటు కింద అన్ని ఎరుపులూ ఒకటేనమ్మా," అనేవారు. లోపలికొచ్చి నిచ్చెనెక్కి, పై అరలోంచి ఒక్క తాను లాగేవారు. అదే అతికినట్టు సరిపోయేది. మిరపపండు రంగుకీ కుంకుమ రంగుకీ తేడా చెప్పమంటే ఎవరైనా చెబుతారు. కుంకుమ రంగులోనే ఉతికిన కుంకుమకీ ఉతకని కుంకుమకీ తేడా చెప్పేది ఆవిడే.

కోయి చేపల పిచ్చి మొదట బాబాయిగారిది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో కొల్లేటి అంచున వాళ్ళ ఊరు. ఆయనకి అక్కడ శీలావతి, బొచ్చె చేపలు పెంచే చెరువులున్నాయి. ఇంటి వెనక సరదాకి సిమెంటుతో ఒక చిన్న కొలను కట్టించి రంగు చేపలు తెచ్చి వేశారు. ఏడాది తిరిగేసరికి ఆయన పిచ్చి తగ్గిపోయి ఈవిడది ముదిరింది. షోలకి వెళ్ళడం, జడ్జీల వెనక నిలబడి చూడడం, అడగడం, నేర్చుకోవడం. కొన్నేళ్ళకి మా జిల్లాల్లో ఎక్కడ రంగు చేపల పోటీ జరిగినా ఆవిడే పెద్ద జడ్జి. జడ్జిగా కూర్చున్నాక తన చేపల్ని పోటీకి పెట్టడం మానేశారు. ఇంట్లో ఉన్నవాటి గురించి ఎవరితోనూ మంచీ చెడూ మాట్లాడేవారు కాదు.

నేను మొదటిసారి షోకి ఫోటోలు తీయడానికి వెళ్ళినప్పుడు ఏ చేప ఏమిటో తెలియక తికమకపడుతుంటే పక్కకి పిలిచారు.

"కోయి అంటే ఏమీ లేదు బాబూ, రంగులేసుకున్న బంగారుతీగే. మన చెరువుల్లో ఉండేదే. ఇలా చూడు. తెల్ల చీర మీద ఒక్క ఎరుపే అద్దితే అది కొహాకు. ఆ ఎరుపుకి తోడు వీపు మీద నల్ల చుక్కలు వేస్తే సంకే. అలాక్కాకుండా చీరే నలుపనుకో, దాని మీద ఎరుపూ తెలుపూ అద్దారనుకో, అది షోవా."

"సంకే, షోవా రెండూ మూడు రంగులే కదండీ. ఎలా పోల్చడం?"

"తల చూడు. తల మీద నలుపుంటే షోవా. తలకి నలుపు అంటకపోతే సంకే. ఇంకా అనుమానంగా ఉంటే రెక్క మొదట్లో చూడు, షోవాకి అక్కడ కాటుక పెట్టినట్టు ఉంటుంది."

మార్కులు వేయడానికి ఆవిడకో వరస ఉండేది. ముందు ఒళ్ళు, తర్వాత బట్ట, చివర్న డిజైను. అంటే ముందు చేప ఆకారం, తర్వాత చర్మం మెరుపు, ఆ తర్వాతే రంగుల అమరిక. కొత్తవాళ్ళు అమరిక చూసి మోజుపడతారు. ఈవిడ ఆ తొట్టి దగ్గర ఆగకుండా వెళ్ళిపోతే ఉడుక్కునేవారు. తొట్టిమీద వంగినప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేవారు. ఎందుకండీ అని అడిగితే, "వేలు చూపిస్తే ఓనరు గుండె ఆగిపోతుంది బాబూ," అన్నారు నవ్వుతూ. ఓడిపోయిన వాళ్ళకి కూడా ఆవిడే చెప్పేవారు. "మీ చేప చాలా బాగుందండీ. ఎరుపు కంటి మీదకి జారింది, అంతేనండీ." ఆ 'అంతేనండీ' విన్నాక ఎవరూ వాదించేవారు కాదు.

వాదించినది ఒక్క సత్యంగారే. అదీ ఒక్కసారే.

ఏలూరులో ఒక కల్యాణ మండపంలో పోటీ. వానాకాలం. సత్యంగారు ముదినేపల్లి వైపు పెద్ద రైతు. ఆయన ఆ మధ్యనే ఒక సంకేని కొన్నారు. అంత చేప మా వైపు ఎవరూ చూడలేదు. మంచులాంటి తెలుపు. ఎరుపు అంచులు కత్తెరతో కత్తిరించినట్టు. వీపు మీద నాలుగైదు నల్ల చుక్కలు, ఎక్కడుండాలో అక్కడ. పొద్దున్నుంచీ జనమంతా ఆ తొట్టి చుట్టూనే. పెద్ద బహుమతి దానికేనని అందరూ అనేసుకున్నారు. నేను కూడా దాని ఫోటోలే ఎక్కువ తీశాను.

మధ్యాహ్నం ఆవిడ దాని మీద వంగారు. వంగినావిడ లేవలేదు. వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"సత్యంగారూ, ఇది మేత తింటోందాండీ?"

"రెండ్రోజుల్నుంచి కొంచెం తగ్గించిందండీ. ప్రయాణం బడలిక."

"కళ్ళు లోపలికి పోయాయి, చూశారా," అని నా వైపు తిరిగారు. "బాబూ, మొప్ప ఎత్తి పట్టుకుంటాను. లోపల కనపడేలా దగ్గరగా తియ్యి."

తీశాను. కెమెరా తెర మీద పెద్దది చేసి చూపించాను. ఎర్రగా ఉండాల్సిన మొప్పల్లో తెల్లటి మచ్చలు. అక్కడక్కడా చివికిన గుడ్డలా ఊడిపోయి ఉంది.

కోయి చేపలకీ బంగారుతీగలకీ మాత్రమే వచ్చే జబ్బు ఒకటుందనీ, వస్తే మందు లేదనీ, నీళ్ళలో పాకుతుందనీ నాకప్పటికి తెలియదు. ఆవిడ చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని మైకు తీసుకున్నారు.

"ఈవేళ బహుమతి ఎవరికీ లేదండీ. ఏమీ అనుకోకండి. దయచేసి ఎవరూ తొట్టెల్లో నీళ్ళు కాలవలో పొయ్యకండి. బ్లీచింగ్ కలిపి ఇక్కడే ఉంచేద్దాం. ఇళ్ళకెళ్ళాక మీ చేపల్ని మిగతావాటితో కలపకండి."

సత్యంగారు ముందుకొచ్చారు.

"కంటితో చూసి రోగం ఎలా చెబుతారండీ? నలుగురిలో నా చేపనీ నన్నూ నిలబెట్టి పరువు తీసేశారు."

"నాది తప్పయితే మీ ఇంటికొచ్చి చెబుతానండీ," అన్నారు ఆవిడ.

ఆ చేప మొప్పలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడానికి చేపల డాక్టరుగారొకాయన వచ్చారు. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుందనీ, అప్పటిదాకా చేపల్ని విడిగా ఉంచితే చాలనీ చెప్పారు. ఆవిడ తలూపారు. తర్వాత నన్ను అడిగారు, ఇంటిదాకా దింపుతావా అని.

కారులో చెప్పారు. సత్యంగారి సంకే వచ్చిన డీలరు దగ్గర నుంచే, అదే తొట్టిలోంచే, తాను కూడా రెండు చిన్న కోయి చేపలు తెచ్చుకున్నారట. అవి తన కొలనులోనే తిరుగుతున్నాయట.

ఇంటికెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర అయివుంటుంది. కొల్లేటి మీద మబ్బు నల్లగా దిగి ఉంది. కొలను దగ్గరకెళ్ళి చూశాం. కొత్తవాటిలో ఒకటి నీళ్ళు పడే గొట్టం కింద కదలకుండా తేలుతోంది. ఆవిడ ఆకాశం వైపు చూశారు. తర్వాత కొలను గట్టు దాటి అవతల ఉన్న చెరువుల వైపు చూశారు.

"ఏవండీ, లవంగ నూనె ఉందా?" అని బాబాయిగారిని అడిగారు.

ఆయనకి వెంటనే అర్థమైంది. నాకు కాలేదు. రంగు చేపలు పెంచేవాళ్ళు చేపని నిద్రపుచ్చడానికి నీళ్ళలో లవంగ నూనె కలుపుతారు. ఎక్కువ కలిపితే ఇక లేవదు.

"డాక్టరు ఆగమన్నాడుగా," అన్నారు బాబాయిగారు.

"వాన ఆగుతుందాండీ? పోయినేడు ఈ కొలను పొంగి మన చెరువులో కలిసింది. మన చెరువు కాలవలో కలిసింది. ఊళ్ళో ఎంతమంది శీలావతితో పాటు బంగారుతీగ వేశారో మీకు తెలీదా?"

"ఇంట్లో తొట్టెల్లో పెడదాం."

"నీళ్ళు వంటింట్లోకి వచ్చాయి కదండీ పోయినసారి. కరెంటు పోతే వాటికి గాలి ఎక్కడిది?"

ఆయన పార తీసుకుని మెరక మీద గుంట తీయడానికి వెళ్ళారు. సున్నం బస్తా భుజాన వేసుకుని వెళ్ళడం చూశాను.

ఆవిడ రెండు తొట్టెలు పక్కపక్కన పెట్టారు. ఒకటి షోల్లో వాడే నీలం తొట్టి. రెండోదాంట్లో లవంగ నూనె కలిపిన నీళ్ళు. వలతో మొదటి చేపని పట్టి నేరుగా రెండో తొట్టిలో వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. నీలం తొట్టిలో వదిలారు. కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని వంగారు.

"కొహాకు. భుజాల దగ్గర నిండుగా ఉంది. తెలుపు పాలతెలుపు. ఎరుపు తోక దాకా పోకుండా ఆగింది. కుడివైపు అంచు కొంచెం చెదిరింది. రెండో బహుమతి ఇవ్వచ్చు."

అని, దాన్ని రెండు చేతులతో ఎత్తి పక్క తొట్టిలో పెట్టారు.

ఈవిడ ఏం చేస్తున్నారో నా బుర్రకి ఎక్కేసరికి మూడో చేప కూడా అయిపోయింది. ఒక్కొక్కదాన్నీ నీలం తొట్టిలో వదలడం, చూడడం, తీర్పు చెప్పడం, పక్క తొట్టిలో పెట్టడం. గొంతు షోలో ఎలా ఉంటుందో అలాగే ఉంది. "సంకే. ఒళ్ళు మంచిది, నలుపు పలచన." "ఇది కూడా కొహాకే. తల మీద ఎరుపు ముక్కు దాకా వచ్చేసింది, పాపం." ఏమి మనిషి ఈవిడ అనిపించింది. అక్కడినుంచి పారిపోవాలనిపించింది. చేతులకి ఏదో పని కావాలి కాబట్టి కెమెరా తియ్యనా అని అడిగాను.

"వద్దు బాబూ. నువ్వు చూడు, చాలు. వీటిని షోకి ఎప్పుడూ పెట్టలేదు."

చివరికి ఒక్కటి మిగిలింది. పెద్ద షోవా. దాన్ని పట్టడానికి వల అక్కర్లేకపోయింది. ఆవిడ చెయ్యి నీళ్ళలో పెడితే అదే వచ్చింది. నీలం తొట్టిలో వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని వంగారు. నల్లని నలుపు. దాని మీద ఎరుపు నిప్పులా ఉంది. నుదుటి మీద నలుపు మెరుపులా చీలింది. రెక్కల మొదట్లో కాటుక. అప్పటికే చినుకులు మొదలయ్యాయి. తొట్టిలో చినుకు పడినచోటల్లా రంగులు చెదిరి మళ్ళీ కలుస్తున్నాయి.

"షోవా," అన్నారు. "ఒళ్ళు, బట్ట, డిజైను. తప్పు లేదు. ఎవరైనా తెచ్చి నా ముందు పెడితే ఇంకో చేప వైపు చూసేదాన్ని కాదు."

దాన్ని పక్క తొట్టిలో పెట్టి చెయ్యి తీయలేదు. పొట్ట కింద అరచెయ్యి అలాగే ఉంచారు. మొప్పలు కొట్టుకోవడం తగ్గి, తగ్గి, ఆగిపోయేదాకా వానలో తడుస్తూ అలాగే వంగి ఉన్నారు. బాబాయిగారు గుంట దగ్గర నుంచి వచ్చి, ఆవిడ వెనక నిలబడి, కండువా ఆవిడ తల మీద కప్పారు.

ఆ వాన అందరూ అనుకున్నట్టే కురిసింది. మర్నాడు పొద్దున బాబాయిగారికి ఫోన్ చేస్తే, కొలనేదో చెరువేదో తెలియడం లేదు, అంతా ఒకే నీళ్ళు అన్నారు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను ఏలూరు వెళ్ళి ఉన్నాను. షాపులో కూర్చున్నాను. ఎవరో ఒకావిడ తన కూతురి పట్టుచీర తెచ్చారు, వంకాయ రంగుకి నెమలికంఠం అంచు. పిన్నిగారి ఫోన్ మోగింది. విన్నారు. "అలాగేనండీ, థాంక్సండీ," అని పెట్టేశారు.

"ఎవరండీ?" అన్నాను.

"డాక్టరుగారు. ఆ జబ్బు కాదంట. మొప్పలకి వేరే ఏదో పట్టిందంట. మందుకి తగ్గిపోయేదేనంట. సత్యంగారి చేప అప్పుడే మేత తింటోందంట."

నేను లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూశారు.

"మంచిదేగా బాబూ. ఎవరి చెరువుకీ ఏమీ కాదన్నమాట."

ఆ మాట చెప్పి, కస్టమరుని ఒక్క నిమిషం కూర్చోమని, షాపు వెనక గదిలోకి వెళ్ళారు. ఆ ఒక్క నిమిషం చాలాసేపు అయింది. ముఖం కడుక్కుని వచ్చారు. "ఏదమ్మా, చీర ఇలా ఇవ్వండి," అని చేతుల మీద వేసుకుని మెట్లు దిగి ఎండలోకి వెళ్ళారు.

అన్నమాట ప్రకారం ఆ ఆదివారం ముదినేపల్లి వైపు సత్యంగారి ఇంటికెళ్ళారు. కారు నేనే నడిపాను. గేటు దగ్గరే నిలబడి, "నాదే తప్పండీ," అని చెప్పారు. ఈవిడ చేపల సంగతి సత్యంగారికి అప్పటికే ఎవరో చెప్పారు. ఆయన కుర్చీ వేయించబోయారు. ఈవిడ కూర్చోలేదు. "చేపని చూసుకోండి. నీళ్ళన్నీ ఒకేసారి మార్చకండి," అని చెప్పి వచ్చేశారు.

తర్వాతి ఏడాది పోటీ మా తాడేపల్లిగూడెంలోనే పెట్టారు. సత్యంగారు సంకేని తెచ్చారు. తేకూడదనుకున్నారట, ఇంట్లోవాళ్ళు బలవంతం చేశారట. చేప ఇంకా పెరిగింది, ఇంకా తేరింది. కానీ పిన్నిగారు జడ్జి అని తెలిసి ఆయన తొట్టి దగ్గర నిలబడలేక బయట టీ కొట్టు దగ్గర ఉండిపోయారు. మాకందరికీ ఒకటే బెంగ, ఆ చేప ముందు ఆవిడ ఎలా నిలబడతారా అని. జడ్జీల్లోంచి తన పేరు తీయించేస్తారేమో, ఆ ఒక్క తొట్టికి వేరే జడ్జిని పంపమంటారేమో అనుకున్నాం.

ఆవిడ వరసలో వచ్చారు. కళ్ళద్దాలు నెత్తి మీదకి తోశారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. మిగతా తొట్టెల దగ్గర ఎంతసేపున్నారో ఇక్కడా అంతసేపే ఉన్నారు. చుట్టూ ఒకసారి తిరిగి, లేచి, నిర్వాహకులతో మామూలుగా అన్నారు.

"ఇదేనండీ. పెద్ద బహుమతి. దీని దరిదాపుల్లో ఇంకోటి లేదు."

నేను కెమెరా కంటి దగ్గర పెట్టుకుని నొక్కడం మర్చిపోయాను. సత్యంగారిని బయటినుంచి పిలుచుకొచ్చారు. ఆయన కప్పు అందుకోలేదు. రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయారు. పిన్నిగారే కప్పు ఆయన చేతుల మధ్య పెట్టి, "ఎరుపు బాగా తేలిందండీ, ఏం మేత పెడుతున్నారు?" అని అడిగారు.

సాయంత్రం ఆవిడని ఏలూరు దింపడానికి బయల్దేరాను. భీమడోలు దాటాక ఆపుకోలేక అడిగేశాను.

"ఎలా ఇచ్చారు పిన్నిగారూ?"

"చేపని చూసి ఇచ్చాను."

"దాన్ని చూస్తే మీకేమీ అనిపించలేదా?"

కిటికీలోంచి చేల వైపు చూస్తున్నారు.

"అనిపించింది బాబూ. ఎందుకనిపించదు? అది నాలో ఉంది. చేప ఒంటి మీద లేదుగా."

కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. లారీలు పోతున్నాయి. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చేతి గడియారం చూసుకుని, నా భుజం తట్టారు.

"పద బాబూ. ఆరింటికి షాపులో లైనింగు బట్ట బేళ్ళు దిగుతాయి. నేను లేకపోతే తెలుపులన్నీ కలిపేస్తారు."